యాత్ర నుంచి వచ్చాక ఇంట్లో నల్లులు ఉన్నాయేమోనని అనుమానం వస్తే

మీరు చెప్పినది క్లుప్తంగా ఇదీ: కార్తీక మాసంలో కుటుంబమంతా కాశీ వెళ్ళారు. అక్కడ లాడ్జిలో మూడు రాత్రులు ఉండి, రైల్లో హైదరాబాద్ తిరిగి వచ్చారు. వచ్చిన నాలుగో రోజు నుంచి మీ అత్తగారికి మోచేతుల మీద, మెడ మీద వరుసగా దద్దుర్లు వచ్చాయి. మీకూ రెండు మూడు లేచాయి. మీవారికి మాత్రం ఒక్కటీ లేదు. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. పరుపులు పడేయాలా అని అడిగారు. గదిలో మాత్రలు పెట్టి తలుపులు మూసేస్తే ఒక్క రోజులో అన్నీ చస్తాయని తెలిసినవాళ్ళు చెప్పారట, అది చేయొచ్చా అనీ అడిగారు.

మాత్రల సంగతి ముందు చెబుతాను. అవి దయచేసి ఇంట్లోకి రానివ్వకండి. వాళ్ళు చెప్పింది అల్యూమినియం ఫాస్ఫైడ్ అయ్యుంటుంది. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే మందు అది. గాలిలో తేమ తగిలితే చాలు, దాన్నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. మీరు తలుపు మూసి తాళం వేసినా ఆ వాయువు తలుపు సందుల్లోంచి, బాత్రూం డక్టుల్లోంచి, గోడలోని పైపుల పక్కనుంచి పక్క ఫ్లాటుకు, పై ఫ్లాటుకు పోతుంది. నల్లులకనీ ఎలుకలకనీ పెట్టిన ఇలాంటి మందుతో మన దేశంలో నిద్రలోనే ప్రాణాలు పోయిన కుటుంబాలున్నాయి. చనిపోయినవాళ్ళలో చిన్న పిల్లలూ ఉన్నారు. అందుకే దీన్ని మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన ఉంది. అయినా కొన్ని దుకాణాల్లో చేతికిచ్చేస్తారు. మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరైనా ఇవి పెట్టారని తెలిసినా, వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో వచ్చి వాంతులు, కళ్ళు తిరగడం, ఛాతీ పట్టేసినట్టు ఉండడం మొదలైనా వెంటనే అందరూ బయటికి వచ్చేయండి. ఆసుపత్రిలో డాక్టరుకు మాత్రల సంగతి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే తిండి పడలేదనుకుని పొరబడే అవకాశం ఉంది.

నేను హైదరాబాద్‌లో పెస్ట్ కంట్రోల్ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్ళలో మాకు ఎక్కువగా వచ్చే పని నల్లులదే. ఇళ్ళకు వెళ్ళినప్పుడు నేను చూసేదేమిటంటే, నల్లుల కంటే కంగారులో చేసిన పనుల వల్లే నష్టం ఎక్కువ జరిగి ఉంటుంది. పరుపు పడేసి ఉంటారు, ఇల్లంతా స్ప్రే కొట్టి ఉంటారు, పిల్లల్ని తీసుకుని హాల్లోకి మారి ఉంటారు. ఒక మంచానికే ఉన్న నల్లులు ఈలోగా మూడు గదులకు చేరి ఉంటాయి. మీరు ఇంకా ఏమీ చేయకముందే అడిగారు, అది చాలా మంచిదైంది.

అసలు మీ ఇంట్లో నల్లులు ఉన్నాయో లేదో ఇంకా తేలలేదు. దద్దుర్లు చూసి నల్లి కుట్టిందని ఖాయంగా ఎవరూ చెప్పలేరు. చర్మ వైద్యులకు కూడా అది కష్టమే. దోమలు కుట్టినా, గజ్జి సోకినా, కొత్త సబ్బు పడకపోయినా ఇలాంటివే వస్తాయి. వరుసగా మూడు ఉంటే నల్లే అని చాలామంది అంటారు గానీ ఆ లెక్క ప్రతిసారీ నిలవదు. ఇంకో సంగతి కూడా ఉంది. నల్లి కుట్టిన వెంటనే అందరికీ దద్దురు రాదు. కొందరికి కొన్ని గంటల్లో వస్తుంది, కొందరికి రెండు వారాల దాకా పట్టొచ్చు. అంటే ఇప్పుడు కనిపిస్తున్నవి కాశీ లాడ్జిలో కుట్టినవే కావచ్చు. అలాగే కొందరికి ఎన్ని కుట్టినా చర్మం మీద ఏమీ కనిపించదు కాబట్టి, మీవారికి దద్దుర్లు లేనంత మాత్రాన ఆయన్ని కుట్టలేదని అనుకోలేం. ఇవాళ్టి నుంచి ఎవరికి, ఎక్కడ, ఏ తేదీన కొత్త దద్దురు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. వచ్చి రెండు వారాలు దాటాక కూడా కొత్తవి లేస్తుంటే అప్పుడు ఇంట్లో ఉన్నాయన్న అనుమానానికి బలం వస్తుంది.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు, వెతకాలి. పగలైనా పర్వాలేదు, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య అయితే ఇంకా మంచిది, అవి ఎక్కువగా తిరిగేది ఆ వేళలోనే. మంచి టార్చిలైటు, పాత ఏటీఎం కార్డు, వెడల్పాటి తెల్ల టేపు తీసుకోండి. ముందు మీ అత్తగారు పడుకునే మంచం చూడండి. దుప్పటి మెల్లగా తీసి, పరుపు అంచున తాడులా ఉండే కుట్టు ఉంటుంది కదా, దాన్ని వేళ్ళతో విప్పదీస్తూ చుట్టూ చూడండి. నాలుగు మూలలు, పరుపు మీది లేబుల్ కింద, దిండు గలేబు లోపలి కుట్లు. తర్వాత పరుపు ఎత్తి చెక్కల సందులు, స్క్రూ రంధ్రాలు, తలవైపు పలక వెనక. బాక్సు మంచమైతే లోపల సామానంతా బయటికి తీసి ప్లైవుడ్ అతుకులు చూడాలి. మన ఇళ్ళలో నల్లులు ఎక్కువగా దాక్కునేది ఈ చోటే, అందరూ వెతకకుండా వదిలేసేదీ ఈ చోటే. మంచానికి ఆనుకున్న గోడకు మేకు రంధ్రాలుంటే అవి, క్యాలెండరు వెనక, ఫొటో ఫ్రేము వెనక, స్విచ్ బోర్డు అంచులు, కర్టెన్ మడతలు కూడా చూడండి. సందుల్లో కార్డు పెట్టి లాగితే లోపల ఉన్నవి బయటికి వస్తాయి. దొరికినదాన్ని టేపుకు అంటించి పెట్టుకోండి. నలిపేయొద్దు, నలిపితే కంపు కొట్టడమే కాక, అది ఏ పురుగో చెప్పడం మాకు కష్టమవుతుంది.

పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ముదురు గోధుమ రంగు, బల్లపరుపు ఒళ్ళు, రెక్కలుండవు. ఎగరదు, దూకదు, నడుస్తుందంతే. రక్తం తాగితే ఉబ్బి, ఎర్రబడి, కాస్త పొడుగవుతుంది. పిల్ల నల్లులు లేత రంగులో, ఒకటిన్నర మిల్లీమీటరు నుంచి మొదలవుతాయి. గుడ్లు మిల్లీమీటరంత, ముత్యంలా తెల్లగా, చెక్కకు అతుక్కుని ఉంటాయి. బొద్దింక పిల్లల్ని చూసి నల్లులనుకుని మమ్మల్ని పిలిచేవాళ్ళు చాలామంది. బొద్దింక పిల్లకు మీసాలు పొడుగ్గా ఉంటాయి, వెలుతురు పడగానే పరిగెడుతుంది. పురుగు దొరక్కపోయినా గుర్తులు దొరుకుతాయి. కుట్టు పక్కన గుంపుగా నల్లటి చుక్కలు ఉంటే అవి నల్లి రెట్టలు. తడి దూదితో తుడిస్తే ముదురు గోధుమ రంగులో అలుక్కుపోతాయి. పల్చటి పొట్టు కనిపిస్తే అది నల్లి ఎదుగుతూ విడిచిన చర్మం. దుప్పటి మీద చిన్న రక్తపు మరక ఒక్కటే ఉంటే దాన్ని ఆధారంగా తీసుకోలేం. దోమకాటు గీరుకున్నా అలాగే పడుతుంది.

గుర్తులు దొరికినా దొరక్కపోయినా యాత్ర సామాను పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి. బ్యాగులు మంచం మీద పెట్టారా, బీరువా పైకి ఎక్కించారా అన్నది గుర్తు చేసుకుని, అక్కడ కూడా వెతకండి. ఇప్పుడు ఆ బ్యాగుల్ని బాల్కనీలోకి గానీ బాత్రూంలోకి గానీ తీసుకెళ్ళి తెరవండి. బట్టలు దులపకండి. నేరుగా పెద్ద ప్లాస్టిక్ కవర్లలో వేసి మూతి గట్టిగా కట్టేయండి.

నల్లిని నమ్మకంగా చంపేది వేడి. 50 డిగ్రీల సెల్సియస్ పైన ఎక్కువసేపు బతకలేదు, గుడ్లకు మాత్రం ఇంకొంచెం ఎక్కువ వేడి కావాలి. అందుకే 60 డిగ్రీలు అని గుర్తుపెట్టుకుంటే గుడ్లతో సహా పోతాయి. మీ వాషింగ్ మెషిన్‌లో హీటర్ ఉంటే 60 డిగ్రీల మీద పెట్టి ఉతకండి. లేకపోతే నూలు బట్టల్ని పొగలు కక్కే వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ తర్వాత మామూలుగా ఉతుక్కోవచ్చు. చన్నీళ్ళలో ఎంతసేపు నానబెట్టినా గుడ్లు చావవు. మంచానికి వేసిన దుప్పట్లు, గలేబులు, బొంతలకూ ఇదే పద్ధతి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్ళకు ఇది తేలిక, డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే సరిపోతుంది. అయితే మరీ కుక్కి నింపకూడదు, మధ్యలో ఉన్నవాటికి వేడి తగలదు.

పట్టుచీరలు, స్వెటర్లు, పాప బొమ్మలు వేణ్ణీళ్ళకు తట్టుకోవు. చీరను పూర్తిగా విప్పి, పైన నూలు గుడ్డ పరిచి, మడత మడతా ఇస్త్రీ చేయండి. బోర్డర్, ఫాల్ కుట్టిన చోట పెట్టెను కాసేపు ఆపండి. బొమ్మల్ని కవర్లో గాలి తీసి కట్టి ఫ్రీజర్లో పెట్టొచ్చు. మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉండాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైఅరలో అంత చల్లదనం వస్తుందని నమ్మకం లేదు, థర్మామీటరు పెట్టి చూసుకున్నాకే ఆ దారి పట్టండి. ఇస్త్రీ బండికో డ్రైక్లీనింగ్‌కో ఇస్తే సంగతి ముందుగా చెప్పి, మూతి కట్టిన కవర్లోనే ఇవ్వండి. అక్కడ ఊరందరి బట్టలూ ఉంటాయి.

పరుపును ఎండలో వేస్తే పోతాయి కదా అంటారు. మన తాతల కాలంలో నులక మంచాన్ని మే నెల ఎండలో పడేసి, సలసల కాగే నీళ్ళు పోసేవాళ్ళు. అది పనిచేసేది, ఎందుకంటే నులక సందుల్లోకి నీళ్ళు దిగేవి. ఇప్పటి ఫోమ్ పరుపు అలా కాదు. పైన ఎంత కాలినా అడుగున చల్లగా ఉంటుంది, నల్లులు ఆ పక్కకు జరిగిపోతాయి. పైగా ఇది చలికాలం. హైదరాబాద్ ఎండ ఇప్పుడు సరిపోదు. పరుపును మెట్ల మీదుగా డాబాకు మోసుకెళ్ళే దారంతా నల్లులు రాలే ప్రమాదం ఒకటి.

పరుపు పడేయాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. సన్నటి నాజిల్‌తో వాక్యూమ్ క్లీనర్ పట్టి కుట్లన్నీ లాగండి, గుడ్లు అతుక్కుని ఉంటాయి కాబట్టి కార్డుతో గీకుతూ లాగాలి. లోపలి సంచిని వెంటనే కవర్లో కట్టి బయట చెత్తలో వేయండి. బట్టలకు వాడే స్టీమర్ ఉంటే కుట్ల వెంట చాలా నెమ్మదిగా జరపండి. ఆవిరి జోరుగా కొడితే పిల్ల నల్లులు ఎగిరి పక్కన పడతాయి, కాబట్టి నాజిల్‌కు గుడ్డ చుట్టండి. స్విచ్ బోర్డుల దగ్గర మాత్రం ఆవిరి వద్దు. తర్వాత పరుపును ఆరు వైపులా మూసే జిప్పు కవరు వేయండి. లోపల మిగిలినవి బయటికి రాలేవు, కుట్టలేవు.

ఇక మంచం. గోడ నుంచి జానెడు దూరం జరపండి. దుప్పటి, దోమతెర నేలకు తగలకూడదు. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం మన పెద్దవాళ్ళకు తెలిసిన పనే, నల్లులకూ అదే ఉపాయం. నీళ్ళలో కొంచెం సబ్బు కలపండి. బాక్సు మంచానికి కోళ్ళుండవు, అది కష్టమే; అప్పుడు కొన్ని రోజులు పరుపును కోళ్ళున్న మామూలు మంచం మీదికి మార్చడం మంచిది. ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ గిన్నెలు కొంటే ఒక జాగ్రత్త ఉంది. చలి దేశాల్లో ఎక్కువగా ఉండే నల్లి సైమెక్స్ లెక్టులేరియస్. మన వేడి ప్రాంతాల్లో ఎక్కువగా ఉండేది సైమెక్స్ హెమిప్టెరస్. మొదటిది నున్నటి ప్లాస్టిక్ ఎక్కలేక గిన్నెలోనే ఉండిపోతుంది. మన నల్లికి కాళ్ళ మీది మెత్తల్లో నూగు ఎక్కువ కాబట్టి నున్నటి గోడ కూడా ఎక్కేయగలదు. ఖాళీ గిన్నె పెట్టి ఏమీ పడలేదు, నల్లులు లేవు అని నిశ్చింతగా ఉండొద్దు. లోపల టాల్కం పౌడరు పల్చగా రాయండి, లేదా సబ్బునీళ్ళు పోయండి. పాప ఆ పౌడరుతో గానీ నీళ్ళతో గానీ ఆడకుండా చూసుకోవాలి.

మీ అత్తగారిని ఆ మంచం మీదే పడుకోమనండి. ఇలా చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది, ఆవిడకూ భయంగా ఉంటుంది. కానీ నల్లులు మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని పట్టుకుని వస్తాయి. మనిషి హాల్లోకి మారితే కొన్ని హాల్లోకి వస్తాయి, సోఫాలో చేరితే పని రెట్టింపవుతుంది. శుభ్రం చేసి, కవరు వేసి, గిన్నెలు పెట్టిన మంచం ఇంట్లో మిగతా చోట్ల కంటే క్షేమం. పాపను మాత్రం ఆవిడ పక్కన కాకుండా, బాగా వెతికి ఏమీ లేదని చూసుకున్న మీ మంచం మీదే పడుకోబెట్టండి.

ఆవిడకు ధైర్యం చెప్పడానికి ఒక మాట: నల్లుల వల్ల మనుషులకు రోగాలు అంటుకుంటాయని ఇంతవరకూ రుజువు కాలేదు. దురదకు చల్లటి గుడ్డ, కాలమిన్ లోషన్ చాలు. గీరుకుని పుండు పడితే, జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి. పాపకు దద్దుర్లు వస్తే దురద మందులు సొంతంగా వేయకుండా పిల్లల డాక్టరును అడగండి. పెదవులు వాచడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నల్లులు వచ్చాయంటే ఇల్లు శుభ్రంగా లేదని కూడా కాదు. ఆవిడ పదే పదే తన వల్లే వచ్చాయంటున్నారని రాశారు. అలా అనుకోవద్దని చెప్పండి. లాడ్జి పరుపులో నుంచి బ్యాగు కుట్టులోకి ఒక నల్లి ఎక్కడానికి ఎవరి తప్పూ అక్కర్లేదు.

మందుల విషయానికి వస్తే, దోమలకూ బొద్దింకలకూ కొట్టే డబ్బా స్ప్రేలను పరుపు మీద కొట్టకండి. వాటిలో ఉండేవి ఎక్కువగా పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు. వీటికి తట్టుకునే నల్లులు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి. దీని వెనక పాత కథ ఉంది. డీడీటీ అనే పాత పురుగుమందు వాడకం మొదలైన కొన్నేళ్ళకే, 1947లో హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాదళ బ్యారక్స్‌లో దానికి చావని నల్లులు కనిపించాయి. డీడీటీ నరాల్లో ఎక్కడ దెబ్బ కొడుతుందో పైరిత్రాయిడ్లూ అక్కడే కొడతాయి. ఒకదానికి అలవాటు పడ్డ జాతికి రెండోది కూడా సగం అలవాటే. చావని నల్లి మందు వాసనకు గోడ సందులోకి పారిపోతుంది, అక్కడినుంచి పక్క గదికి. పొగ బాంబులదీ అదే కథ. పొగ పైపైన పడుతుంది, దాక్కున్న సందులోకి దిగదు. శబ్దంతో తరిమేస్తామని అమ్మే ప్లగ్గు యంత్రాల మీద డబ్బు పెట్టకండి. వేపాకు, కర్పూరం, కలరా ఉండలు పెడితే పెట్టుకోండి గానీ వాటితో నల్లులు పోవు. కలరా ఉండలు పాపకు అందకూడదు, మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. కిరోసిన్, శానిటైజర్ పరుపు మీద పోస్తే అగ్గి అంటుకునే ప్రమాదం ఉంది. ఊళ్ళో ఉన్న బంధువులు పొలానికి కొట్టే మందు సీసాలో పోసి పంపుతామంటే సున్నితంగా వద్దని చెప్పండి. ఆరుబయట కొట్టే మందు అది, మూసిన గదిలో పిల్లలు పడుకునే పరుపు మీద కొట్టేది కాదు.

నల్లి దొరికితే, లేదా రెట్టలు, పొట్టు స్పష్టంగా కనిపిస్తే మాలాంటివాళ్ళను పిలవండి. పిలిచినప్పుడు అడగాల్సినవి అడగండి. రాష్ట్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన లైసెన్సు చూపించమనండి. ఏ మందు కొడతారో పేరు చెప్పమనండి, డబ్బా మీది లేబుల్ ఫొటో తీసుకోండి, దాని మీద కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పేరు లేని సీసాలో తెచ్చి కలిపితే ఒప్పుకోవద్దు. ఎన్నిసార్లు వస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. మందు చాలావరకు గుడ్ల మీద పనిచేయదు. మన వాతావరణంలో గుడ్లు దాదాపు 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. ఆ పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టడానికి నెల పైనే పడుతుంది, మధ్యలో అయిదు దశలు దాటాలి, ప్రతి దశకూ రక్తం కావాలి. కాబట్టి మొదటి మందు పడ్డాక 10 నుంచి 14 రోజుల్లో రెండోసారి కొడితే కొత్తగా పుట్టినవి గుడ్లు పెట్టే వయసుకు రాకుండానే పోతాయి. ఒక్కసారితో గ్యారంటీ అనేవాళ్ళను వదిలేయండి. కొట్టిన రోజు పాపతో, అత్తగారితో బయటికి వెళ్ళి, మందు పూర్తిగా ఆరాక, కిటికీలు తెరిచి గాలి ఆడాక రండి. పరుపు పైభాగం మీద, పాప బొమ్మల మీద మందు కొట్టనివ్వొద్దు, పడాల్సింది సందుల్లో, మంచం అతుకుల్లో.

నల్లులున్నాయని తేలితే పక్క ఫ్లాటువాళ్ళకూ, అద్దె ఇల్లయితే ఓనరుకూ చెప్పండి. పరువు పోతుందని చాలామంది దాస్తారు. గోడ పంచుకున్న ఇళ్ళలో అవి పైపుల వెంట, వైర్ల వెంట అటూ ఇటూ నడుస్తాయి. ఒక ఇంట్లోనే మందు కొడితే మళ్ళీ తిరిగొస్తాయి. పనిమనిషికి కూడా చెప్పండి, ఆమె ఇంటికి చేరకుండా చూసుకునే హక్కు ఆమెకూ ఉంది.

వెతికినా ఏమీ దొరక్కపోతే పెస్ట్ కంట్రోల్ పిలవక్కర్లేదు. మంచం ఏర్పాటు అలాగే ఉంచి, వారానికోసారి టార్చి పట్టి చూడండి, గిన్నెల్లో ఏం పడిందో చూడండి. ఆరు వారాల నుంచి ఎనిమిది వారాల దాకా కొత్త దద్దురు, కొత్త చుక్క, గిన్నెలో పురుగు ఏదీ లేకపోతే ఇంట్లోకి రాలేదనే లెక్క. నల్లులున్నాయని తేలి మందు కొట్టించినా, చివరి గుర్తు కనిపించిన రోజు నుంచి అన్నే వారాలు చూడాలి. నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది కాబట్టి పరుపు జిప్పు కవరు మాత్రం ఏడాది దాకా విప్పకండి, చిరిగితే వెంటనే టేపు వేయండి. ఇవాళ వెతికినప్పుడు ఏదైనా దొరికితే టేపు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, దగ్గరగా, వెలుతురులో ఫొటో తీసి పెట్టండి. అది నల్లా, బొద్దింక పిల్లా అన్నది చూసి చెబుతాను.